అమెరికా లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు: మెరిట్ స్కాలర్‌షిప్ ఎవరిస్తారు, ఎవరివ్వరు? ఆఫర్లను ఎలా పోల్చుకోవాలి?

హైదరాబాద్‌లో పన్నెండో తరగతి చదువుతున్న ఒక అమ్మాయికి మార్చి నెలాఖరులో అమెరికా నుంచి రెండు మెయిళ్లు వచ్చాయనుకుందాం. మొదటి కాలేజీ ఏడాదికి 35 వేల డాలర్ల మెరిట్ స్కాలర్‌షిప్ ప్రకటించింది. రెండోది 22 వేల డాలర్లే ఇస్తానంది. ఇంట్లో అందరూ మొదటిదానివైపే మొగ్గుతారు. డాలరును 90 రూపాయలుగా లెక్కేస్తే నాలుగేళ్లకు కోటీ పాతిక లక్షలు దాటే స్కాలర్‌షిప్ అది. చుట్టాలకు చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది.

కానీ మొదటి కాలేజీలో ఏడాది మొత్తం ఖర్చు 86 వేల డాలర్లు, రెండోదానిలో 68 వేలు. స్కాలర్‌షిప్ తీసేశాక కట్టాల్సింది మొదటి చోట 51 వేలు, రెండో చోట 46 వేలు. అంటే పెద్ద స్కాలర్‌షిప్ ఇచ్చిన కాలేజీయే ఖరీదైనది.

ఇది ఉదాహరణ కోసం వేసిన లెక్క. అయితే ఇలాంటి లెక్క దగ్గరే చాలా కుటుంబాలు పొరబడుతుంటాయి. అసలు ఏ కాలేజీలు మెరిట్ చూసి సాయం చేస్తాయి, ఏవి చేయవు, ఎప్పుడు ఏం అడగాలి, చివరికి ఏ కాలేజీని ఎంచుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే ఏమిటి?

పేరులో ఆర్ట్స్ ఉందని ఇక్కడ సైన్సు ఉండదనుకోకూడదు. గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, కంప్యూటర్ సైన్స్, ఆర్థికశాస్త్రం అన్నీ ఉంటాయి. ఇవి ప్రధానంగా డిగ్రీ చదువుల కోసమే నడిచే చిన్న కాలేజీలు. చాలావాటిలో మొత్తం విద్యార్థులు రెండు మూడు వేలకు మించరు. తరగతులు చిన్నవి. పాఠం చెప్పేది ప్రొఫెసరే. విద్యార్థులు ఎక్కువగా క్యాంపస్‌లోనే ఉంటారు. మొదటి ఏడాదిలో రకరకాల సబ్జెక్టులు చదివి, సాధారణంగా రెండో ఏడాది చివరికల్లా ప్రధాన సబ్జెక్టును ఎంచుకుంటారు.

మసాచుసెట్స్‌లోని విలియమ్స్ 1793లో, ఆమ్‌హెర్స్ట్ 1821లో మొదలయ్యాయి. పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్, కాలిఫోర్నియాలోని పొమోనా, మెయిన్ రాష్ట్రంలోని బౌడిన్ కూడా ఈ కోవలో ముందు వరుసలో ఉండేవే. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఘనా నుంచి వచ్చి చదువుకున్న మకలెస్టర్ కూడా మిన్నెసోటాలోని ఇలాంటి కాలేజీయే.

పేరున్న కాలేజీల్లో ట్యూషన్, గది, భోజనం, ఇతర ఖర్చులు కలిపి ఏడాదికి 80 వేల నుంచి 90 వేల డాలర్ల వరకు అవుతున్నాయి. కొన్నిచోట్ల ఆ గీత కూడా దాటింది. 90 వేల డాలర్లంటే సుమారు 81 లక్షల రూపాయలు. అది ఒక్క ఏడాదికే.

సాయం రెండు రకాలు

కాలేజీ ఇచ్చే డబ్బు ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది.

- అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం: తల్లిదండ్రుల ఆదాయం, ఆస్తులు, ఇంట్లో చదువుకునే పిల్లల సంఖ్య వంటివి చూసి, ఆ కుటుంబం ఏడాదికి ఎంత కట్టగలదో కాలేజీ లెక్కిస్తుంది. మొత్తం ఖర్చులోంచి అది తీసేస్తే మిగిలేదే ‘అవసరం’.
- మెరిట్ సాయం: మార్కులు, పరీక్ష స్కోర్లు, ప్రతిభ, నాయకత్వం వంటివి చూసి ఇస్తారు. కుటుంబ ఆదాయంతో చాలాసార్లు సంబంధం ఉండదు.

మెరిట్ స్కాలర్‌షిప్ వెనుక ఒక వ్యాపార లెక్క కూడా ఉంది. మంచి విద్యార్థి వేరే కాలేజీకి పోకుండా తమ దగ్గర చేరేందుకు కాలేజీ ఇచ్చే ధర తగ్గింపు అది. అమెరికా కాలేజీల ఆర్థిక అధికారుల సంఘం నాక్యుబో 2023-24 అధ్యయనం ప్రకారం, ప్రైవేటు కాలేజీలు మొదటి ఏడాది విద్యార్థులకు ట్యూషన్‌లో ఇచ్చిన సగటు తగ్గింపు 56 శాతం దాటింది. ఇందులో అవసరాన్ని బట్టి ఇచ్చేదీ, మెరిట్‌దీ రెండూ ఉన్నాయి. అంటే బోర్డు మీద రాసిన ధర చాలామంది కట్టని ధర. పండగ సేల్‌లో తగ్గింపు శాతం చూసి చీర కొనం కదా, బిల్లు ఎంతయిందో చూస్తాం. ఇక్కడా అంతే.

మెరిట్ సాయం ఇవ్వని కాలేజీలు

చాలామందికి మింగుడుపడని విషయం ఇదే. సీటు దొరకడం అత్యంత కష్టమైన కాలేజీల్లో చాలావరకు మెరిట్ స్కాలర్‌షిప్ అసలు ఉండదు. విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్, పొమోనా, బౌడిన్, మిడిల్‌బరీ, వెల్‌స్లీ, వాసర్, హావర్‌ఫర్డ్ సాయం చేసేది అవసరాన్ని బట్టే. ఒకప్పుడు మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చిన న్యూయార్క్ రాష్ట్రంలోని హామిల్టన్ కాలేజీ, దాన్ని ఆపేసి ఆ డబ్బును అవసరం ఉన్నవారికి మళ్లిస్తామని 2007లో ప్రకటించింది.

కారణం సులువుగానే అర్థమవుతుంది. అక్కడ చేరేవాళ్లందరూ తరగతిలో మొదటి వరుసలో ఉండేవాళ్లే. తగ్గింపు ఇవ్వకపోయినా సీట్లు నిండుతాయి.

అయితే అవసరం నిజంగా ఉన్న కుటుంబానికి ఇవే చౌక కావచ్చు. విలియమ్స్ 2022లో తన సాయంలోంచి రుణాలను, క్యాంపస్‌లో పనిచేయాలన్న షరతును పూర్తిగా తొలగించింది. లెక్కలో తేలిన అవసరం మొత్తాన్ని తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటుగానే ఇస్తోంది. ఇబ్బంది ఎక్కువగా మధ్యలో ఉన్నవారికే. కాలేజీ లెక్కలో ‘కట్టగలరు’ అని తేలి, ఇంటి లెక్కలో మాత్రం కట్టలేని కుటుంబాలివి. ఇద్దరు ఉద్యోగులు, ఒక సొంత ఫ్లాటు, కొంత పొదుపు ఉన్న ఇల్లు ఈ కోవలోకే వస్తుంది. ఇలాంటి వారికి మెరిట్ ఇచ్చే కాలేజీలే దిక్కు.

మెరిట్ సాయం ఇచ్చేవి

- పూర్తి ఖర్చుకు దగ్గరగా ఇచ్చేవి: వర్జీనియాలోని వాషింగ్టన్ అండ్ లీలో జాన్సన్ స్కాలర్‌షిప్, యూనివర్సిటీ ఆఫ్ రిచ్‌మండ్‌లో రిచ్‌మండ్ స్కాలర్స్, నార్త్ కరోలినాలోని డేవిడ్‌సన్‌లో బెల్క్ స్కాలర్‌షిప్. మొదటి రెండింటి పేర్లలో యూనివర్సిటీ అని ఉన్నా, చదువు తీరు లిబరల్ ఆర్ట్స్‌దే.
- ట్యూషన్ మొత్తం: మహిళా కాలేజీ మౌంట్ హోల్యోక్‌లో ట్రస్టీ స్కాలర్‌షిప్.
- కొంత భాగం తగ్గించేవి: ఓబర్లిన్, కెన్యన్, డెనిసన్, వూస్టర్, గ్రిన్నెల్, మకలెస్టర్, లఫాయెట్, స్క్రిప్స్ వంటివి.

మొదటి రకం స్కాలర్‌షిప్‌లు చాలా కొద్దిమందికే దక్కుతాయి. వాటికి విడిగా వ్యాసాలు, ఇంటర్వ్యూలు ఉండొచ్చు. గడువు కూడా మామూలు దరఖాస్తు కన్నా ముందే, నవంబరు-డిసెంబరులోనే ముగిసిపోవచ్చు. మూడో రకంలో చాలాచోట్ల విడిగా దరఖాస్తు అక్కర్లేదు. అడ్మిషన్ దరఖాస్తునే చూసి నిర్ణయిస్తారు.

మెరిట్ దక్కే అవకాశం ఎక్కడ ఎక్కువ? మీ పిల్లల మార్కులు, స్కోర్లు ఆ కాలేజీలో చేరినవారిలో పై పాతిక శాతంలో నిలిచే చోట. కష్టంమీద సీటు వచ్చే కాలేజీలో సాయం కూడా వస్తుందని ఆశపడటం సాధారణంగా ఫలించదు.

మీ పాస్‌పోర్టు ఏది?

సాయం నిబంధనలు చదివే ముందు ఈ ప్రశ్నకు జవాబు తెలియాలి. తెలుగు కుటుంబాల్లో మూడు రకాల పరిస్థితులు కనిపిస్తాయి.

భారత పౌరులు, ఇక్కడి నుంచి వెళ్లేవారు: అమెరికా ప్రభుత్వ సాయం వర్తించదు. కాలేజీ సొంత డబ్బే ఆధారం. అవసరాన్ని బట్టి సాయం కావాలంటే చాలా కాలేజీలు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారం అడుగుతాయి. దాన్ని కాలేజ్ బోర్డ్ నిర్వహిస్తుంది. జీతం, ఐటీ రిటర్నులు, ఇల్లు, బ్యాంకు నిల్వలు అన్నీ చూపించాలి. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాలు విదేశాల్లో పీజీ, ఆపై చదువులకే. డిగ్రీకి వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

అమెరికాలో పుట్టి ఇక్కడ పెరిగినవారు: అమెరికా పౌరసత్వం ఉంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటున్నా ఫాఫ్సా ఫారం నింపవచ్చు. ప్రభుత్వ గ్రాంట్లు, రుణాలకు అర్హత చూస్తారు. తల్లిదండ్రులకు అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా ఫారం నింపే వీలుంది. సాయం విషయంలో కాలేజీలు వీరిని అమెరికన్ విద్యార్థులుగానే చూస్తాయి. చాలా కుటుంబాలు ఈ సంగతి తెలియక ‘ఇంటర్నేషనల్’ లెక్కలే వేసుకుంటుంటాయి.

హెచ్-4 వీసాపై అమెరికాలో చదువుతున్నవారు: తల్లిదండ్రులు ఏళ్లుగా అక్కడ పన్నులు కడుతున్నా, గ్రీన్‌కార్డు చేతికి రానంతవరకు పిల్లలకు ఫెడరల్ సాయం లేదు. ప్రైవేటు కాలేజీల్లో చాలావరకు వీరిని అంతర్జాతీయ విద్యార్థుల జాబితాలోనే చేరుస్తాయి, కొన్ని మాత్రం వేరుగా చూస్తాయి. దరఖాస్తుకు ముందే అడ్మిషన్ల కార్యాలయానికి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిది. 21 ఏళ్లు నిండితే హెచ్-4 హోదా ముగుస్తుంది, సాధారణంగా ఎఫ్-1కు మారాల్సి వస్తుంది. అంటే చదువు మధ్యలోనే వీసా మారవచ్చు.

సాయం అడిగితే సీటు పోతుందా?

కొన్నిచోట్ల ప్రభావం ఉంటుంది. డబ్బు విషయం చూడకుండా సీటు నిర్ణయించే విధానాన్ని నీడ్-బ్లైండ్ అంటారు. అమెరికన్లకు ఇది చాలా కాలేజీల్లో ఉంది. విదేశీ విద్యార్థులకు కూడా వర్తింపజేసే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు చాలా తక్కువ. ఆమ్‌హెర్స్ట్ ఇలాగే చేస్తుంది. 2022లో బౌడిన్ కూడా ఈ విధానంలోకి వచ్చింది.

మిగతా చాలా కాలేజీలు విదేశీయుల విషయంలో నీడ్-అవేర్. అంటే ఎంత సాయం కావాలో కూడా చూసి సీటు నిర్ణయిస్తాయి. విలియమ్స్, స్వార్త్‌మోర్, పొమోనా ఈ రకమే. సీటు ఇస్తే మాత్రం తమ లెక్కలో తేలిన అవసరం మొత్తం తీరుస్తాయి.

ఇది చూసి కొందరు ‘ముందు సీటు తెచ్చుకుందాం, సాయం తర్వాత అడుగుదాం’ అనుకుంటారు. ఇది ప్రమాదకరం. చేరేటప్పుడు సాయం అడగని విదేశీ విద్యార్థులకు తర్వాతి సంవత్సరాల్లో కూడా సాయం ఇవ్వబోమని చాలా కాలేజీలు నిబంధన పెట్టాయి. రెండో ఏడాది ఫీజు కట్టలేక చదువు ఆపేయడం కన్నా, మొదట్లోనే నిజం చెప్పి సీటు రాకపోవడం నయం.

ముందే తెలుసుకోవడం ఎలా?

ఏజెంటు మాట మీద ఆధారపడాల్సిన పని లేదు. ఉచితంగా దొరికే రెండు ఆధారాలున్నాయి.

మొదటిది నెట్ ప్రైస్ కాలిక్యులేటర్. అమెరికా చట్టం ప్రకారం 2011 అక్టోబరు నుంచి అక్కడి కాలేజీలు దీన్ని తమ వెబ్‌సైట్‌లో ఉంచాలి. ఆదాయ వివరాలు ఇస్తే సుమారుగా ఎంత కట్టాలో చెబుతుంది. ఇది ప్రధానంగా అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారి కోసం తయారైంది. భారత పౌరులు దీన్నే నమ్ముకోకూడదు.

రెండోది కామన్ డేటా సెట్. చాలా కాలేజీలు ఏటా ప్రచురించే గణాంకాల పత్రం ఇది. కాలేజీ పేరుతో కలిపి గూగుల్‌లో వెతికితే దొరుకుతుంది. అందులో ‘హెచ్’ విభాగం తెరవండి.

- హెచ్2ఏ: ఆర్థిక అవసరం లేకపోయినా మెరిట్ సాయం పొందిన మొదటి ఏడాది విద్యార్థులు ఎంతమంది, సగటున ఎంత వచ్చిందో ఉంటుంది. ఇక్కడ సున్నాకు దగ్గరగా ఉంటే ఆ కాలేజీలో మెరిట్ మీద ఆశ పెట్టుకోవద్దు.
- హెచ్6: విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి సాయం అందింది, సగటు ఎంత అన్నది ఉంటుంది. భారత్ నుంచి వెళ్లేవారు మొదట చూడాల్సింది ఇదే.

ఒక్కో కాలేజీకి పది నిమిషాలు చాలు. దరఖాస్తు ఫీజు, వ్యాసాల శ్రమ, ఆ తర్వాతి నిరాశ అన్నీ మిగులుతాయి.

ఎర్లీ డెసిషన్: తొందరపడితే పోలిక ఉండదు

నవంబరులో ఒకే కాలేజీకి దరఖాస్తు చేసి, సీటు ఇస్తే చేరతానని మాట ఇచ్చే పద్ధతి ఎర్లీ డెసిషన్. జనవరిలో రెండో విడత కూడా కొన్నిచోట్ల ఉంటుంది. సీటు అవకాశం పెరగవచ్చు కానీ ఇతర ఆఫర్లతో పోల్చుకునే వీలు పోతుంది. సాయం చాలకపోతే మాట నుంచి విడుదల కోరవచ్చు. అయినా అప్పటికి పక్కన మరో ఆఫర్ చేతిలో ఉండదు.

అవసరాన్ని బట్టి పూర్తి సాయం చేసే కాలేజీ మీద మనసు పడితే ఈ దారి ఆలోచించవచ్చు. మెరిట్ సాయం మీద ఆధారపడే కుటుంబం మాత్రం మామూలు విడతలోనే నాలుగైదు చోట్ల దరఖాస్తు చేసి, మే 1 లోపు పోల్చి చూసుకోవడం మేలు.

ఆఫర్లను పోల్చే లెక్క

మొదట్లో చెప్పిన రెండు కాలేజీలకే తిరిగి వద్దాం. మెరిట్ స్కాలర్‌షిప్ సాధారణంగా నాలుగేళ్లూ ఒకే మొత్తం. ఫీజు మాత్రం ఏటా పెరుగుతుంది. ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుందనుకుందాం.

- మొదటి కాలేజీ: నాలుగో ఏడాదికి ఖర్చు సుమారు 96,700 డాలర్లు. స్కాలర్‌షిప్ అదే 35 వేలు. కట్టాల్సింది 61,700. నాలుగేళ్లకు మొత్తం సుమారు 2,25,200 డాలర్లు.
- రెండో కాలేజీ: నాలుగో ఏడాదికి కట్టాల్సింది సుమారు 54,500. నాలుగేళ్లకు మొత్తం సుమారు 2,00,800 డాలర్లు.

తేడా 24,400 డాలర్లు. రూపాయల్లో దాదాపు 22 లక్షలు. ఈలోగా డాలరు విలువ పెరిగితే ఇంటి మీద భారం ఇంకా పెరుగుతుంది.

ఆఫర్ లెటర్ వచ్చాక ఈ ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి.

- ఈ మొత్తంలో తిరిగి కట్టనక్కర్లేనిది ఎంత, రుణం ఎంత, క్యాంపస్ పనిలో సంపాదించుకోమన్నది ఎంత?
- స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ వస్తుందా? నిలబెట్టుకోవాలంటే ఎంత జీపీఏ ఉండాలి?
- చెప్పిన ఖర్చులో ఆరోగ్య బీమా, పుస్తకాలు, విమాన ఛార్జీలు, సెలవుల్లో వసతి ఉన్నాయా?
- బయటి సంస్థ స్కాలర్‌షిప్ ఇస్తే, కాలేజీ తన సాయంలో అంత కోత పెడుతుందా?
- స్కాలర్‌షిప్‌లో గది, భోజనానికి ఇచ్చే భాగం ఉందా? ట్యూషన్‌కు మించిన భాగంపై అమెరికాలో పన్ను ఉంటుంది.

ఐ-20 పత్రం ఇవ్వడానికి మొదటి ఏడాది డబ్బు చూపమని కాలేజీ అడుగుతుంది. మొదటి ఏడాదికి సరిపోయిందని ఊరుకోకుండా, నాలుగో ఏడాది డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అప్పుడే తేల్చుకోవాలి. ఇల్లు తాకట్టు పెట్టి రుణం తీసుకునేవారికి ఇది మరీ ముఖ్యం.

సాయం చాలకపోతే మళ్లీ అడగవచ్చా?

అడగవచ్చు. అవసరాన్ని బట్టి ఇచ్చే కాలేజీలో కారణం చూపాలి. ఉద్యోగం పోవడం, ఆసుపత్రి ఖర్చులు, తాత, నానమ్మల పోషణ వంటివి కాగితాలతో సహా పంపితే మళ్లీ పరిశీలిస్తారు. మెరిట్ ఇచ్చే కాలేజీలో, అదే స్థాయి మరో కాలేజీ ఇచ్చిన మెరుగైన ఆఫర్‌ను జతచేసి మర్యాదగా రాయవచ్చు. కొన్ని పెంచుతాయి, కొన్ని కుదరదంటాయి. అడిగినందుకు ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవడమన్నది మామూలుగా జరగదు. ఆదాయం తక్కువ చేసి చూపే దొంగ పత్రాలు మాత్రం పెట్టకూడదు. బయటపడితే సీటు, ఆపై వీసా రెండూ పోతాయి.

డబ్బు లెక్క కుదిరాక చూడాల్సినవి

ఇంజినీరింగ్ కావాలనుకునేవారు ముందే చూసుకోవాలి. చాలా లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో అది ఉండదు. స్వార్త్‌మోర్, హార్వీ మడ్, స్మిత్, లఫాయెట్‌లలో ఉంది. మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు మరో యూనివర్సిటీలో చదివే ఒప్పందాలు కొన్ని ఉన్నాయి గానీ, రెండో చోట విదేశీయులకు సాయం దొరుకుతుందా అన్నది విడిగా అడిగి తెలుసుకోవాలి.

చదువయ్యాక అమెరికాలో పనిచేసే ఓపీటీ అనుమతి 12 నెలలు. స్టెమ్ కోర్సులకు మరో 24 నెలలు పొడిగింపు ఉంటుంది. ఒకే ఆర్థికశాస్త్రం ఒక కాలేజీలో స్టెమ్ కింద, మరో కాలేజీలో కాని దాని కింద నమోదై ఉండవచ్చు. కోర్సు కోడ్ అడగండి.

ఇక పేరు సంగతి. ‘గ్రిన్నెల్’ అంటే మన దగ్గర ‘అదెక్కడుంది?’ అనే అడుగుతారు. అమెరికాలో పీహెచ్‌డీలు ఇచ్చే విభాగాలకు మాత్రం ఆ పేరు బాగా తెలుసు. విద్యార్థుల సంఖ్యతో పోల్చి చూస్తే, తర్వాత పీహెచ్‌డీ చేసినవారి వాటాలో స్వార్త్‌మోర్, కార్ల్‌టన్, గ్రిన్నెల్, రీడ్ ముందు వరుసలో ఉంటాయి. చదువు పూర్తయ్యాక నేరుగా భారత్‌కు వచ్చి ఉద్యోగం చేయాలనుకుంటే మాత్రం పేరు తెలియకపోవడం కొంత ఇబ్బందే.

ఇలాంటి చదువే మన దగ్గర కావాలంటే సోనీపత్‌లో అశోకా, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయాలున్నాయి. అమెరికా ఆఫర్లను తూచేటప్పుడు వీటి ఖర్చు కూడా పక్కన రాసుకుంటే డాలర్ల లెక్క మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

జాబితా ఎప్పుడు, ఎలా?

పదకొండో తరగతి ముగిసే వేసవిలోనే తల్లిదండ్రులు పిల్లలతో కూర్చుని ఒక అంకె చెప్పాలి: ‘ఏడాదికి మేం ఇంత పెట్టగలం.’ మన ఇళ్లలో ఈ మాట చెప్పడానికి మొహమాటపడతాం. కానీ ఆ అంకె తెలియకుండా తయారైన జాబితా, సీట్లు వచ్చాక మార్చి నెలలో కన్నీళ్లు పెట్టిస్తుంది. అంకె తెలిస్తే జాబితా దానంతటదే మూడు భాగాలవుతుంది: అవసరాన్ని పూర్తిగా తీర్చేవి రెండు మూడు, మెరిట్ దక్కే అవకాశం ఉన్నవి నాలుగైదు, ఏ సాయం లేకపోయినా కట్టగలిగేది కనీసం ఒకటి.

ఆ చివరిది దొరకకపోతే, జాబితా ఇంకా పూర్తి కానట్టే.